చెప్పులు విడిచి ఎక్కు

డ్రైవింగ్ నేర్పే పనిలోకి కొత్తగా దిగుతున్న యువకులు ఈ మధ్య నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మాస్టర్ సాబ్, ఇగ అందరు ఆటోమేటిక్ బండ్లే కొంటున్నరు గద, క్లచ్ నేర్పుడు దండుగ కాదా?" ఈ మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ప్రశ్న తప్పని కాదు. ఇదే ప్రశ్న మీద ఖరీదైన బండ్లున్న పెద్దమనుషులు ఒక ఆదివారం పొద్దంతా కొట్లాడుకుంటుంటే పక్కన నిలబడి విన్నాను. ఆ కొట్లాట ముగిసిన కాసేపటికే నా కళ్లముందు ఒక ముసలమ్మ ప్రాణం పోవలసింది. అందుకని దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నావల్ల కాదు.

నేను జహీరాబాద్‌లో డ్రైవింగ్ మాస్టర్‌గా పనిచేశాను. మొదట ఖాజా ఉస్తాద్ స్కూల్లో జీతానికి, ఆయన పోయాక సొంతంగా. మోకాళ్లు మొరాయించాక బోర్డు దించేశాను. లైసెన్సు ఎలా తెప్పించాలి, ఏ ఆఫీసులో ఎవరిని పట్టుకోవాలి లాంటివి ఇక్కడ రాయను. అవి మీకు నాకంటే బాగా తెలుసు. అసలు పని ఏమిటో మాత్రం రాస్తాను.

ఖాజా ఉస్తాద్ స్కూలు

ఉస్తాద్ మనిషి మంచివాడు, నోరు మంచిది కాదు. నేర్చుకోవడానికి వచ్చినవాడు తహసీల్దారు అయినా సరే, ఇంజిన్ ఆగిపోతే ఆయన తిట్టే తిట్లకు పక్క దుకాణం వాళ్లు తలుపులు వేసుకునేవారు. ఆయన మొదటి పాఠం ఒకటే మాట: "చెప్పులు విడిచి ఎక్కు."

చాలామంది దాన్ని భక్తి అనుకున్నారు. బండి లక్ష్మి కాబట్టి గుడిలోకి వెళ్లినట్టు చెప్పులు వదలాలని వాళ్ల లెక్క. కొందరు స్టీరింగ్‌కు దండం కూడా పెట్టేవారు. ఉస్తాద్‌కు అది చూస్తే ఒళ్లు మండేది. "అరే, చెప్పుతోటి నీకేం తెలుస్తదిరా? క్లచ్ ఎక్కడ పట్టుకుంటదో అరికాలికి తెల్వాలె. కన్నుకు కాదు, చెవికి కాదు, అరికాలికి!" అని అరిచేవాడు.

మా స్కూల్లో నేర్చుకున్నవాళ్లను ఈ చుట్టుపక్కల ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. ఉత్తకాళ్లతో నడుపుతారు. చెప్పులు విప్పి సీటు వెనక పెట్టుకుంటే బాగుండేది, కానీ సగం మంది ఎక్కిన చోటే నేల మీద విడిచి వెళ్లిపోతారు. చెప్పులు కోహీర్‌లో, మనిషి జహీరాబాద్‌లో. అలా ఉత్తకాళ్లతో దిగి బజారులో కొత్త చెప్పులు కొనుక్కున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. మేం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వులాట ఏదో ఒక రోజు గొంతుకు అడ్డం పడుతుందని ఎవరనుకున్నారు?

ఉస్తాద్ చెప్పిన ఇంకో మాట నాకు మరింత పనికొచ్చింది. స్కూలు బండిలో మాస్టర్ కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి కదా. నేను కొత్తలో రోడ్డు మీదే కళ్లు పెట్టుకుని, ఏదైనా అడ్డం రాగానే నా బ్రేకు తొక్కేవాణ్ణి. ఉస్తాద్ చూసి తలమీద ఒక్కటిచ్చాడు. "రోడ్డు వాడు చూస్తడు. నువ్వు వాని కాళ్లు చూడు. బండి ఎటు పోతదో కాళ్లు ముందుగాల చెప్తయి."

అదే ఈ వృత్తి. రోడ్డు చూసేవాళ్లు డ్రైవర్లు, కాళ్లు చూసేవాళ్లు మాస్టర్లు. తొక్కబోయే కాలు, భయపడే కాలు, పక్కవాళ్లకు గొప్పలు చూపించే కాలు, అన్నీ వేరువేరుగా ఉంటాయి. ఒకసారి ఒక టీచరమ్మ ఆటోమేటిక్ కారు కొనుక్కుని, నేర్పమని పిలిచింది. నాకు అప్పటికి ఆ బండ్లు అంతగా తెలియవు. క్లచ్ లేకపోతే పని సగమే కదా అనుకున్నాను. ఆమె ఎడమకాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతికి, వెడల్పాటి బ్రేకు మీద పడింది. పొద్దున పెసరట్టు తిన్న ఇద్దరం ముందు అద్దానికి ముక్కులు ఆనించి కూర్చున్నాం. పని లేని కాలు ఊరికే ఉండదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఆటోమేటిక్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఎడమకాలు మడిచి సీటు కిందికి పెట్టుకోమని చెప్పాను.

విఠల్ పటేలు

కోహీర్ విఠల్ రెడ్డి నా శిష్యుడే. ఊళ్లో అందరూ పటేలా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. నాకంటే పదేళ్లు చిన్న. అల్లం, ఆలుగడ్డ పండించే కుటుంబం. నేర్చుకునే రోజుల్లోనే వేగం అంటే చెవి కోసుకునేవాడు. చేతికి డబ్బులు ఆడాక ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయే ఎత్తు, మాన్యువల్ గేర్లు. కోహీర్ సందుల్లో ఆ బండి తిప్పడం చూస్తే ఇరుకు మడిలో ఏనుగును తిప్పినట్టుండేది. కానీ ఏం నడిపేవాడు! గేరు మారినట్టు పక్కన కూర్చున్నవాడికి తెలిసేది కాదు. నేను నేర్పిన వాళ్లందరిలోకీ అంత మెత్తటి ఎడమకాలు మరొకటి లేదు. ఈ మాట అతని మొహాన చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుందని.

హైదరాబాద్ నుంచి అలాంటి బండ్లవాళ్లు కొందరు ఆదివారం పొద్దున్నే బొంబాయి హైవే మీద వచ్చి, చిరాగ్‌పల్లి దాపున ఒక హోటల్ దగ్గర ఆగి టిఫిన్ చేసి వెళ్తారు. పటేలు వాళ్ల జట్టులో కలిశాడు. టిఫిన్ తక్కువ, వాదన ఎక్కువ. మాన్యువల్ గొప్పదా, ఆటోమేటిక్ గొప్పదా? పటేలు మాన్యువల్ పక్షానికి నాయకుడు.

ఒక ఎండాకాలం అతని భార్య శారద నాకు ఫోన్ చేసింది. నన్ను అన్నా అంటుంది. తక్కువ మాట్లాడే మనిషి.

"అన్నా, ఆయన బండిని రెండు పారీలు గేటుకు కొట్టిండు. క్లచ్ ఖరాబైందని కొత్తది ఏపిచ్చిండు. మల్ల కొట్టిండు. ఇప్పుడు ఎర్ర బండి అమ్మి ఆటోమేటిక్ తెస్తనంటుండు. అది తెస్తే ఫికర్ ఉండదంట. నిజమేనా అన్నా?"

"ఎవరన్నరు ఫికర్ ఉండదని?"

"ఆయనే. ఇంకెవ్వరంటరు? వచ్చే వారం నన్ను ఎక్కించుకొని తుల్జాపూర్ గుడికి పోదామంటుండు. నాకు ఎక్కబుద్ధి అయితలేదు. ఎక్కనంటే ఊకుంటడా? మీరు ఒక్కసారి ఆయన ఎంబడి కూసొని చూడున్రి. మీరు ఎక్కమంటే ఎక్కుత."

అదీ ఆమె నా మీద పెట్టిన బరువు. మీరు ఎక్కమంటే ఎక్కుతాను అంది. నా ఉద్యోగ జీవితంలో ఎంతోమందిని పరీక్షకు పంపాను. ఒక్క మాట మీద ప్రాణం నా చేతిలో పెట్టినవాళ్లు ఆమెకు ముందు ఎవరూ లేరు.

ఆదివారం

ఆదివారం పొద్దున పటేలు ఎర్ర బండిలో నా ఇంటికి వచ్చాడు. నేను ఫోన్ సంగతి చెప్పలేదు. కొత్త బండి చూసి పెట్టడానికి రమ్మని అతనే అడిగాడు కాబట్టి ఆ మిషతోనే ఎక్కాను.

హైవే ఎక్కేదాకా కాళ్లే చూశాను. గేరు మార్చిన ప్రతిసారీ పటేలు తల కిందికి వంచి ఎడమకాలు ఎక్కడుందో చూసుకుంటున్నాడు. నేను నేర్పిన ఆ మెత్తటి కాలు గోడకు మట్టి తొక్కినట్టు దబ్బున పడుతోంది. పక్కకు జారుతోంది. స్కూలు బండిలో అయితే నా పాదం నా బ్రేకు మీద ఉండేది. ఇక్కడ నా కాళ్ల కింద చాప తప్ప ఏమీ లేదు.

"పటేలా, కాలుకేమైంది?" అన్నాను.

అతను ఒకసారి అద్దంలో వెనక చూసుకున్నాడు, మా మాటలు ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు.

"మీతోని దాపరికమేంది మాస్టర్ సాబ్. షుగర్ ఉన్నది గద. ఎడమకాలు జర మొద్దువారింది. క్లచ్ మీద ఉన్నదో లేదో తెలుస్తలేదు. అందుకే ఆటోమేటిక్ కొంటున్న. ఎడమకాలుతోని పనే ఉండదు. అక్కడ ఎవ్వలకు చెప్పకున్రి."

"దవాఖానల చూపించినవా?"

"గోలీలు ఏసుకుంటున్న. బండి మారిస్తే అయిపాయె."

మాట సబబుగానే ఉందనిపించింది. ఎడమకాలు పోతే ఎడమకాలి పని లేని బండి. నేను కూడా మనసులో శారదమ్మకు చెప్పాల్సిన జవాబు తయారు చేసుకున్నాను, ఫికర్ లేదు చెల్లె, ఎక్కు అని.

హోటల్ దగ్గరికి చేరేసరికి అందరూ ఉన్నారు. పెద్దగా మాట్లాడేవాళ్లు ఇద్దరు. ఒకరు కిరణ్, హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం, ఆటోమేటిక్ పక్షం. తన కాలనీలో స్పీడ్ బ్రేకర్లకు బండి పొట్ట గీసుకుపోతోందని, దాన్ని వదిలించుకుని ఎత్తు బండి కొంటానని అంటున్నాడు. అతని బండినే పటేలు కొంటున్నది. రెండోవాడు జోసెఫ్, కాంట్రాక్టరు, మాన్యువల్ పక్షం. పటేలు ఎర్ర బండిని అతను తీసుకుంటున్నాడు. అంటే ఆ పూట అందరూ అమ్మేవాళ్లే, అందరూ అలిగేవాళ్లే.

"పటేల్ పార్టీ మార్చిండు!" అన్నాడు జోసెఫ్. "నిన్నటిదాంక ఏమన్నవు? గేర్ చేతుల లేకుంటే అది బండి కాదు, లిఫ్టు అన్నవా లేదా? ఎక్కి బటన్ ఒత్తుడేనా ఇగ?"

"లిఫ్టే మంచిదన్నా," అన్నాడు కిరణ్. "నీ చెయ్యి గేర్ మీదికి పోయేలోపల నా బండి రెండు గేర్లు మారుస్తది. క్లచ్ తొక్కి తొక్కి పిక్కలు పట్టేసినయ్. మగతనం పిక్కలల్ల ఉంటదా?"

"ముసలోళ్ల బండి అది. రాసిస్త," అన్నాడు జోసెఫ్.

పటేలు మొహం మాడిపోయింది. "ముసలోడెవడు? హైదరాబాద్ ట్రాఫిక్ల ఎవడు తొక్కుతడు క్లచ్? అందుకే తీస్కుంటున్న," అని గొంతు పెంచాడు. అబద్ధం. పక్కనుంచి చూస్తున్న నాకు జాలేసింది. కాలు గురించి ఒక్క మాట అంటే అందరూ నోరు మూసుకునేవారు. ఆ ఒక్క మాట అనడం కంటే అతనికి చావు నయం.

తారు

అప్పటికి ఎండ ముదిరింది. టీ తాగాక బండి తాళాలు మార్చుకుందామని అందరూ లేచారు. నేను ఎర్ర బండిలో మరిచిన కళ్లజోడు తెచ్చుకోవడానికి వెళ్లాను. అలవాటు కొద్దీ చెప్పులు హోటల్ అరుగు దగ్గరే వదిలేశాను. హోటల్ ముందు కొత్తగా తారు వేశారు. ఒక్క అడుగు వేశానో లేదో అరికాలు చుర్రుమంది. అమ్మో అని ఎగిరి మళ్లీ అరుగెక్కాను. పాలు పొంగే గిన్నెను ఉత్త చేత్తో పట్టుకున్నట్టయింది. టీ అందించే మనిషి నన్ను చూసి నవ్వాడు.

నేనూ నవ్వబోయి, ఆగిపోయాను.

పటేలు అదే తారు మీద, ఎండలో, నాకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఉత్తకాళ్లతో. చెప్పులు కోహీర్‌లో విడిచి వచ్చినట్టున్నాడు. కిరణ్‌కు, జోసెఫ్‌కు మధ్య నిలబడి చేతులు తిప్పుతూ గేర్ల గురించి వాదిస్తున్నాడు. ఒంటి బరువు ఒకసారి ఎడమకాలి మీద వేశాడు. ఒకసారి కుడికాలి మీద వేశాడు. ఏ కాలూ ఎత్తలేదు. వేళ్లు కూడా కదల్చలేదు. బూట్లేసుకున్న కిరణ్ కూడా నీడ కోసం పక్కకు జరిగాడు, పటేలు జరగలేదు.

మొద్దుబారింది ఎడమకాలు ఒక్కటే కాదు. కుడికాలు కూడా పోయింది, ఆ సంగతి అతనికి తెలియదు. అంతసేపు అక్కడ కాళ్ల పని గురించే పోట్లాట జరిగింది. ఒక్కరూ ఆ మనిషి కాళ్లు చూడలేదు.

నేను చెప్పులేసుకుని దగ్గరికి వెళ్లాను. "పటేలా, ఇటు రా, ఒక మాట," అన్నాను.

"బండ్ల మాట్లాడుకుందాం, కూసోన్రి మాస్టర్ సాబ్. శారదకు చూపించాలె," అంటూ అతను కిరణ్ దగ్గర తాళం తీసుకుని కొత్త బండిలో ఎక్కేశాడు.

"నేను నడుపుత, నువ్వు పక్కకు కూసో."

అది విని జోసెఫ్ పకపకా నవ్వాడు. "ఏంది పటేల్, ఆటోమేటిక్‌కు కూడా మాస్టరా?"

దాంతో పటేలు స్టీరింగ్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆ క్షణంలో అందరిముందూ చెప్పేయాల్సింది, నీ రెండు కాళ్లకూ స్పర్శ లేదు, దిగు అని. నోటిదాకా వచ్చింది. పదిమందిలో అతని పరువు తీయడం ఎందుకు, నాలుగడుగులు వెళ్లాక పక్కకు ఆపించి చెబుదాం అనుకున్నాను. మొహమాటం అనేది ఈ వృత్తికి పట్టే పెద్ద రోగం. యువకులు ముందు దానికి మందు వేసుకోండి.

బ్రేకు లేని సీటు

బండి మెత్తగా కదిలింది. హైవే మీద పటేలు మొహం వెలిగిపోయింది. "చూసిన్రా? క్లచ్ లేదు, కొట్లాట లేదు. పదేండ్లు ఎన్కకు పోయిన," అన్నాడు. నేను అతని కుడికాలు నుంచి చూపు తిప్పలేదు. మడమ నేలకు ఆనించి ఉండాల్సింది గాలిలో తేలుతోంది.

"పటేలా, ఎడమపక్కకు తీస్కో. ఆపు. నీతోని మాట్లాడాలె."

"ఊర్లకు పోయినంక ఆపుత. ఫికర్ చేయకున్రి."

"నేను చెప్తున్న, ఆపు."

"అరె మాస్టర్ సాబ్, మీరు నేర్పిన చెయ్యే ఇది."

చెయ్యి బాగానే ఉంది, దానితో నాకు గొడవ లేదు. నా కళ్లు డ్యాష్‌బోర్డు మీద వెతికాయి. గేరు కర్ర మా ఇద్దరి మధ్యలో ఉంది. దాని వెనక హ్యాండ్ బ్రేకు బటన్ ఉంది, ఈ బండ్లలో లాగే కర్ర ఉండదు, వేలితో పైకెత్తే బటన్ ఉంటుంది. నా చెయ్యి నెమ్మదిగా గేరు కర్ర పక్కన పెట్టుకున్నాను. అతను గమనించలేదు.

టౌన్లోకి దిగే మలుపు తిరిగాం. ముందు ఝరాసంగం పోయే షేర్ ఆటో ఒకటి నిండా జనంతో వెళ్తోంది. వెనక పలక మీద ముగ్గురు ఆడవాళ్లు మా వైపు మొహాలు పెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నారు. నడుమ ఒక ముసలమ్మ ఒడిలో సంచి పెట్టుకుని ఉంది. రోడ్డు పక్కన ఎవరో చెయ్యెత్తారు. ఆటో ఉన్నచోటనే ఆగిపోయింది.

"ఆపు!" అన్నాను.

"ఆపుతున్న," అన్నాడు పటేలు. అతని కాలు కదిలింది. బండి ఆగలేదు. ముందుకు ఉరికింది.

"ఆపు పటేలా!"

"తొక్కుతున్న! బ్రేకు పడ్తలేదు!" అంటూ అతను ఇంకా బలంగా తొక్కాడు. తొక్కినకొద్దీ బండి లేస్తోంది. ముసలమ్మ కళ్లు నాకు కనిపిస్తున్నాయి. ఆమె కాళ్లు పైకి ముడుచుకుంటోంది, ముడుచుకోవడానికి అక్కడ చోటు లేదు.

నేను గేరు కర్రను న్యూట్రల్‌లోకి తోశాను. ఇంజిన్ ఒక్కసారిగా కేక పెట్టింది. ఆ కేకతో నాకు ఇంకేమీ అనుమానం మిగలలేదు, అతను తొక్కుతున్నది బ్రేకు కాదు, ఎక్సలేటర్. ఇంకో చేత్తో బటన్ పైకెత్తి అలాగే పట్టుకున్నాను. వెనక చక్రాలు నేలను పట్టుకుని కీచుమన్నాయి. బండి ఈడ్చుకుంటూ వెళ్లి ఆగింది. మా బండి మూతికి, ముసలమ్మ పాదాలకు మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు మిగిలింది.

ఇంజిన్ ఇంకా అరుస్తూనే ఉంది.

"కాలు తియ్యి," అన్నాను.

పటేలు నా వైపు తిరిగాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఏ కాలు?" అన్నాడు.

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. అతను తల వంచి కిందికి చూశాడు. తన పాదం ఎక్కడుందో చూశాడు. అప్పుడు రెండు చేతులతో తొడ పట్టుకుని, ఎవరిదో వస్తువు పక్కకు పెట్టినట్టు, కాలును ఎక్సలేటర్ మీది నుంచి ఎత్తి పక్కకు పెట్టాడు. ఇంజిన్ సద్దుమణిగింది.

ముసలమ్మ ఆటో దిగి కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా, కండ్లు నెత్తికెక్కినయా? పానాలు తీస్తవా? మేం మనుషులం కామా?"

ఎవరి మాటా పడని పటేలు ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

కోహీర్‌కు వెళ్లే దారి

అక్కడి నుంచి నేను నడిపాను. పక్క సీట్లోకి మారేటప్పుడు చూస్తే రెండు అరికాళ్లకూ తారు అంటుకుని, తోలు బొబ్బలెక్కి ఉంది. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. నేను సందు చూసుకుని అన్నీ చెప్పాను, తారు మీద చూసిందీ, దారిలో చూసిందీ, అతని కాళ్లకు ఇక ఏ బండీ నప్పదని కూడా.

"అంటే మాన్యువల్ గాదు, ఆటోమేటిక్ గాదు?"

"రెండు గావు."

"మరి జోసెఫ్‌కు ఏం చెప్పాలె నేను?" అన్నాడు. కోహీర్ దగ్గర పడ్డాక మళ్లీ అతనే, "ఆ ముసలమ్మకు ఏమన్న అయితే ఏం చెప్పెటోన్ని," అన్నాడు.

కోహీర్‌లో ఇంటి ముందు శారదమ్మ నిలబడి ఉంది. గేటు పక్కన అతని చెప్పులు ఉన్నాయి. నేను స్టీరింగ్ దగ్గర, అతను పక్కన కూర్చుని ఉండటం చూడగానే ఆమెకు సంగతి సగం అర్థమైంది.

"ఎక్కాల్నా అన్నా?" అని మాత్రం అడిగింది.

"ఆయన నడిపితే ఎక్కకు చెల్లె," అన్నాను. "ముందుగాల ఆయన్ని దవాఖానకు తీస్కపో. ఇయ్యాల్నే."

పటేలు దిగి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బొబ్బలు పుండ్లయి, పుండ్లు మానేసరికి వానాకాలం వచ్చింది. ఒక వేలు తీసేయాల్సి వస్తుందేమోనని డాక్టర్లు భయపెట్టారు, ఆఖరికి అంతదాకా రాలేదు. ఆ జట్టు ఫోన్ గ్రూపులో మాత్రం అతను పాత గొంతుతోనే వాదిస్తున్నాడని కిరణ్ చెప్పాడు. ఈసారి ఆటోమేటిక్ పక్షం. ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. క్లచ్ నేర్పండి, అడిగితే ఆటోమేటిక్ కూడా నేర్పండి, నాకేం పట్టింపు లేదు. కానీ నలభై దాటిన మనిషి ఎవరు వచ్చినా షుగర్ ఉందా అని అడగండి. అడిగితే అబద్ధం చెబుతారు, అందుకని ఇంజిన్ ఆపి, కళ్లు మూసుకోమనండి. వాళ్ల పాదాన్ని మీరే ఎత్తి ఒక పెడల్ మీద పెట్టి, ఇది ఏదని అడగండి. చెప్పలేకపోతే అతను ఎంతటివాడైనా, పక్కన ఎంతమంది ఉన్నా, అక్కడే చెప్పేయండి. కోపగిస్తారు, ఫీజు వెనక్కి అడుగుతారు. బతికి ఉన్నవాళ్లే కదా కోపగించేది.

దసరా ముందర శారదమ్మ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. "అన్నా, ఆ బండి ఊకెనే నిలవడ్డది. నాకు నేర్పిస్తరా?" అంది. బోర్డు దించేసిన మనిషిని మళ్లీ ఎక్కించింది. యాభై దాటిన ఆవిడ, సైకిల్ కూడా తొక్కలేదు. మొదటి రోజు తను చెమటలు కక్కింది, రెండో రోజు నన్ను ఇంకా ఎక్కువ కక్కించింది. అయినా నేర్చుకుంది. గొప్పగా కాదు, జాగ్రత్తగా నడుపుతుంది. ఆవిడ నేర్చుకుంటున్నంత కాలం పటేలు గడప దాటి చూడలేదు.

మొన్న ఆ బండి నా ఇంటి ముందు ఆగింది. శారదమ్మ నడుపుకొచ్చింది. దవాఖానలో కాళ్లు చూపించుకుని వస్తున్నారట. పక్క సీట్లో పటేలు మెత్తటి బూట్లు వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి, "మంచిగనే నేర్పిన్రు. జర స్లో, అంతే," అన్నాడు. నాతో మాట్లాడటం అదే మొదలు. నేను తలుపు తీశాను. అతను ఒక కాలు బయటికి పెట్టి ఆగిపోయాడు. నేల బండి కంటే పల్లంగా ఉంది. కిందికి చూశాడు, పొద్దెక్కిన ఎండకు కళ్లు చికిలించుకుని మళ్లీ చూశాడు. లేవబోయి భయపడ్డాడు. నా సాయం అడగలేదు.

"శారదా, ఆనిందా?" అన్నాడు.

ఆమె ఇంజిన్ ఆపి, బండి చుట్టూ తిరిగి వచ్చింది. వంగి అతని బూటు మీద చెయ్యి వేసి, నేలకు గట్టిగా అదిమింది.

"ఆనింది. లెవ్వు."

అతను లేచి నిలబడ్డాడు.